ఎడమ చెవిలో సినిమా

పొద్దున్న తొమ్మిదింటికి పెద్దమ్మ ఇనపచువ్వల తలుపు లాగి బయటినుంచి తాళం వేస్తుంది. వేశాక ఒకసారి గుంజి చూస్తుంది. ఆ తర్వాత ఆమె చెప్పులు మూడంతస్తుల మెట్లు దిగుతున్న చప్పుడు. అది ఆగిపోయాక పెదనాన్న కుర్చీలోంచి అడుగుతారు.

"జైలరమ్మ వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"అయితే ఖైదీ నంబర్ ఒకటి, పేపరు చదువు."

ఒకటో నంబరు నేను. రెండు ఆయన. ఆయన ఇది రోజూ అంటారు, నేను రోజూ నవ్వుతాను. నవ్వితే ఆయనకు కనపడదు కాబట్టి కొంచెం చప్పుడు చేస్తూ నవ్వడం నేర్చుకున్నాను.

పెద్దమ్మ చెడ్డది కాదు. ఆస్పత్రిలో మందుల కౌంటర్ దగ్గర పనిచేస్తుంది, నాలుగింటికి వస్తుంది. చక్కెర జబ్బు పెదనాన్న కళ్ళను కొంచెం కొంచెంగా తినేసింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. నిరుడు ఒకరోజు ఆమె లేనప్పుడు ఆయన కిందికి బయల్దేరి, అడుగు తప్పి పదకొండు మెట్లు దొర్లారు. ఆ సమయానికి నేను స్నానం చేస్తున్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తాళం మాత్రం ఇద్దరికీ పడింది.

మావి రెండు గదులు. కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగ్ గోడ, గోడ మీద నీళ్ళ పైపు. ఆ పైపుకు ఏడు బిగింపులున్నాయి. నాలుగోది వదులు.

నేను మా ఊరి బడిలో పదో తరగతి పాసయ్యాను. ఇక్కడి కాలేజీలో చేర్పిస్తామని తీసుకొచ్చారు. "ఒక్క నెల పెదనాన్నకు తోడుగా ఉండమ్మా, కాలేజీలు తెరిచాక చేరుదువు" అన్నాడు నాన్న. అది పద్నాలుగు నెలల కిందటి మాట. నిరుడు చేరాల్సిన వారంలో పెదనాన్న కంటి ఆపరేషన్ పడింది. ఈ ఏడు ఆఖరి తేదీ సోమవారం. ఫారం నింపి నా డైరీ కింద పెట్టుకున్నాను. అందులో ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే, సంరక్షకుడి సంతకం. నాన్న నన్ను అప్పగించింది పెదనాన్నకే కాబట్టి ఆ పేరు ఆయనదే.

పెద్దమ్మతో ఒకసారి అన్నాను. ఆమె కందిపప్పు ఏరుతూ తలెత్తలేదు.

"నువ్వు కాలేజీకి పోతే ఆయన్ని ఎవరు చూస్తారే తల్లీ? నన్ను ఉద్యోగం మానుకోమంటావా?"

పెదనాన్నతో రెండుసార్లు అన్నాను. "చూద్దాంలేవే, ఇంకా టైముందిగా" అన్నారు. మూడోసారి అనడానికి నాకు నోరు రాలేదు. నాకు మొదటినుంచీ అంతే. బడిలో హాజరు పిలిస్తే "ఉన్నాను" అనేలోపు మాస్టారు తర్వాతి పేరు చదివేసేవారు. అలా ఉండి కూడా లేనట్టు లెక్కలో పడ్డ రోజులు చాలా ఉన్నాయి. అందుకే పెదనాన్న నాకు మూకీ అని పేరు పెట్టారు. మాటల్లేని సినిమాలను అలా అంటారని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

పెదనాన్న ఆ సినిమాల గురించే రాస్తారు. ఒక వారపత్రికలో ఇరవై రెండేళ్ళుగా ఆయనకు ఒక పేజీ ఉంది. మా ఇంటికి రెండు వీధుల అవతల పాత లైబ్రరీ కింద ముప్ఫై కుర్చీల హాలు ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం అక్కడ ఒక మూకీ వేస్తారు. గురువారం పెద్దమ్మకు సగం పూటే పని. వచ్చి తాళం తీసి, మమ్మల్ని హాల్లో దింపి, తను బజారు పనులు చూసుకుని మళ్ళీ తీసుకెళ్ళడానికి వస్తుంది.

ఆయనకు చూపు పోయిన సంగతి పత్రికవాళ్ళకు తెలియదు. తెలిస్తే ఆ పేజీ ఉండదు. "కళ్ళు లేనివాడు సినిమా మీద రాశాడంటే, పళ్ళు లేనివాడు చెరుకు రుచి చెప్పాడన్నట్టు నవ్వుతారే" అంటారు. కాబట్టి నేను ఆయన ఎడమ పక్కన కూర్చుని చెవిలో చెబుతాను. కుడి చెవి సరిగ్గా వినపడదు.

మొదటి రోజే ఒక నియమం పెట్టారు. "ఏం జరిగిందో నువ్వు చెప్పు. ఎలా ఉందో నేను చెప్తాను."

కొన్నాళ్ళు అలాగే చెప్పాను. ఆమె తలుపు తీసింది, అతను టోపీ తీశాడు, ఆమె నవ్వింది. ఒకసారి "ఎలా నవ్వింది?" అని ఆయన అడిగారు. నేను తెర వైపు చూసి, "పెదవులతో నవ్వింది, భుజాలతో కాదు" అన్నాను. ఆయన తలూపారు. ఆదివారం పత్రిక వచ్చాక నేనే చదివి వినిపిస్తున్నాను. మూడో పేరాలో ఆ మాట ఉంది. చదువుతూ ఆగిపోయాను. "ఏమే, అచ్చుతప్పా?" అన్నారు పెదనాన్న. "కాదు" అన్నాను. ఆ రాత్రి డైరీలో ఆ మాటను మళ్ళీ రాసుకున్నాను. నాదే కదా, దొంగతనం కాదు.

నాకు ఆ సినిమాలంటే ఇష్టం. అందులో అందరూ మాట్లాడుతూనే ఉంటారు, ఎవరి మాటా వినపడదు. పెదవులు కదులుతాయి, చేతులు తిరుగుతాయి, అవసరమైతే ఒక అట్ట మీద రెండు ముక్కలు రాసి చూపిస్తారు. అయినా ఎవరికి ఏం కావాలో అందరికీ అర్థమైపోతుంది. బయట కూడా అలా ఉంటే ఎంత బాగుండు అనుకునేదాన్ని.

హాల్లో మా సంగతి పట్టేసిన మనిషి ఒక్కతే, మెషిన్ నడిపే ఆపరేటరక్క. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవాళ్ళట. అందుకని ఒక్కో సినిమా ఒక్కో వేగంలో ఉంటుంది. ఆమె మెషిన్‌కున్న మర తిప్పుతూ సరిచేస్తుంది. తెర మీద ఒకేసారి చాలా జరిగిపోయి నేను వెనకబడితే బొమ్మ కాస్త నెమ్మదించేది. మొదట అది నా భ్రమ అనుకున్నాను. ఒక రోజు బయటికి వస్తుంటే ఆమె నా భుజం తట్టి, "ఇవాళ గుర్రాల పరుగు నీకు అందిందా?" అంది. నేను తలూపాను. "గుర్రాలు నడిచాయి పాపం, నీ మూలాన" అంది.

పడవ పిల్ల సినిమా వేసింది కిందటి వారం.

ఒక నది. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన తాడు. ఒక పిల్ల ఆ తాడు పట్టి లాగుతూ పడవను అటూ ఇటూ దాటిస్తుంది. తండ్రికి కాళ్ళు పడిపోయాయి. ఒడ్డున కుర్చీలో కూర్చుని, జనం వస్తే గంట కొడతాడు. పిల్ల వస్తుంది. పెళ్ళివాళ్ళను దాటిస్తుంది, శవాన్ని దాటిస్తుంది, మేకల్ని దాటిస్తుంది. తను మాత్రం అవతలి ఒడ్డు దిగదు. ఆమె అరచేతుల్ని దగ్గరగా చూపించినప్పుడు నేను పెదనాన్నకు చెప్పడం మరిచిపోయి నా చేతుల వైపు చూసుకున్నాను.

చివర్లో తెల్లవారుజామున ఆమె ఒక్కతే పడవ ఎక్కుతుంది. నది మధ్యకు వస్తుంది. ఆగుతుంది. తాడు వదిలేస్తుంది. పడవ మెల్లగా పక్కకు తిరిగి, నీటివాలులో పడి వెళ్ళిపోతుంది. తర్వాత తాడు ఒక్కటే కనపడుతుంది, నీళ్ళు కారుతూ. తండ్రి గంట కొడుతుంటాడు. గంట ఊగడం కనిపిస్తుంది, వినపడదు.

"ఏమైందే?" అన్నారు పెదనాన్న. "హాలంతా ఊపిరి బిగబట్టింది. చెప్పు."

నా నోట్లోంచి వచ్చింది ఇది: "పడవను ఒడ్డుకు గట్టిగా కట్టేసింది. ఇంట్లోకి వెళ్ళింది. వాళ్ళ నాన్న కాళ్ళ దగ్గర కూర్చుంది."

ఎందుకలా అన్నానో అప్పుడు నాకే తెలియదు. ఇంటికొచ్చాక ఆయన చెబుతుంటే నేను రాశాను. 'పడవను కట్టేసి తండ్రి పాదాల దగ్గర కూర్చున్న ఆ పిల్లను చూసి నా కళ్ళు చెమర్చాయి. కట్టుబడి ఉండటం కూడా ఒక స్వేచ్ఛే అని ఈ చిత్రం చెబుతుంది.' నా చేత్తో రాశాను. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అనుకుంటూ చివరి వాక్యం దాకా వచ్చేశాను. "స్కేలు పెట్టు" అన్నారు. సంతకం గీత మీద పడాలని ప్రతిసారీ కాగితం మీద నేను స్కేలు ఆనిస్తాను. ఆయన వేలితో దాని అంచు తడిమి, దాని మీదుగా సంతకం చేస్తారు. ఏం కాగితమని ఒక్కరోజూ అడగలేదు.

అప్పుడే నాకు తోచింది. ఆ కాగితాల మధ్య నా ఫారం పెట్టి స్కేలు ఆనిస్తే చాలు. డైరీ కింది నుంచి తీశాను కూడా. మళ్ళీ పెట్టేశాను. చెప్పిన ఒక్క అబద్ధమే చాలనిపించింది.

ఆదివారం పత్రిక వచ్చింది. బుధవారం ఎడిటర్ గారు ఫోన్ చేశారు. ఆయన గొంతు ఫోన్‌లోంచి గది మొత్తానికి వినపడుతుంది.

"అన్నగారూ, నా బల్ల మీద తొమ్మిది ఉత్తరాలున్నాయి. మీ విమర్శకుడు సినిమా చూశాడా, కునుకు తీశాడా అంటున్నారు. ఆ పిల్ల పడవతో వెళ్ళిపోయిందట కదా!"

"వాళ్ళకు చూడటం రాదయ్యా" అన్నారు పెదనాన్న.

"తొమ్మిదిమందికీనా? సరే, రేపు నేనూ వస్తున్నా. మీ పక్కనే కూర్చుని చూస్తా. నాకూ చూడటం నేర్పుదురుగాని."

పెదనాన్న ఫోన్ పెట్టేశారు. నేను కిటికీలోంచి పైపు చూస్తున్నాను. ఆయన అడుగుతారని ఎదురుచూశాను. అడిగితే చెప్పేసేదాన్నే. ఆయన అడగలేదు.

"వాళ్ళే పొరబడ్డారు. నా మూకీ మాట్లాడటం తక్కువ గానీ, అబద్ధం చెప్పదు" అన్నారు.

కుడితిలో పడ్డ ఎలుకకు కనీసం కుండ అంచు కనపడుతుంది. నాకు అదీ కనపడలేదు.

గురువారం హాల్లోకి వెళ్ళేసరికి ఎడిటర్ గారు ముందే వచ్చి ఉన్నారు. లావుపాటి మనిషి, జేబులో యాలకులు. "రండన్నగారూ" అంటూ పెదనాన్నను కూర్చోబెట్టి, ఎడమ పక్క కుర్చీలో తను కూర్చున్నారు. అది నా కుర్చీ. "పాపా, నువ్వు అటు కూర్చో" అన్నారు. నేను కుడి పక్కన కూర్చున్నాను, వినపడని చెవి వైపు. దీపాలారిపోయాయి.

సినిమా హాస్యమే. దుకాణాల బోర్డులు రాసే పెయింటరు ఒకడు, భుజాన పొడవాటి నిచ్చెన. అటు తిరిగితే వెనకవాడి టోపీ ఎగిరిపోతుంది, ఇటు తిరిగితే అద్దం పగులుతుంది. జనం నవ్వుతున్నారు. పెదనాన్న కూడా నవ్వుతున్నారు, అందరి నవ్వూ సగమయ్యాక. ఒక్క క్షణం ఆలస్యం, అంతే. నాకు మాత్రం ఆ క్షణం ఎంతో పొడవుగా అనిపించింది. ఎడిటర్ గారు ఒకసారి ఆయన వైపు చూసి మళ్ళీ తెర వైపు తిరిగారు.

తర్వాత పెయింటరు ఇంటి సందులోకి వస్తాడు. ఇరుగుపొరుగు గోడవారగా నిలబడి ఉంటారు. నిచ్చెన తగలకుండానే ఒక్కొక్కరూ టోపీలు తీస్తారు. అతనికి అర్థం కాదు. వాళ్ళు పై కిటికీ వైపు చూస్తారు. అతను నిచ్చెన గోడకు ఆనించి ఎక్కి కిటికీలోంచి చూస్తాడు. లోపల మంచం మీద వాళ్ళమ్మ. ఆమె ముఖం మీద దుప్పటి కప్పుతున్నారు.

హాలు నిశ్శబ్దమైపోయింది. వెనక వరసలో ఎవరో గట్టిగా తుమ్మారు. పెదనాన్న దాన్ని నవ్వనుకున్నారు. పకపకా నవ్వారు, ఒక్కరే.

ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. ఎడిటర్ గారు మెల్లగా అన్నారు. "అన్నగారూ... వాడి తల్లి పోయిందండీ."

పెదనాన్న నవ్వు మధ్యలో తెగింది. ఆయన చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి నా మోచేయి పట్టుకుంది. చల్లగా ఉంది.

"మూకీ" అన్నారు. గుసగుసగా కాదు, మామూలు గొంతుతోనే. "ఇంక దాచేదేముందే. ఈయనకు తెలిసిపోయింది. గట్టిగా చెప్పు, ఈ చెవికి కూడా వినపడేట్టు."

 హాల్లో ఇరవైమంది దాకా ఉన్నారు. బడిలో హాజరుకే పలకలేనిదాన్ని. తెర మీద పెయింటరు నిచ్చెన మీదే నిలబడి ఉన్నాడు. చాలాసేపు నిలబడి ఉన్నాడు. ఆపరేటరక్క మర తిప్పిందని అర్థమైంది. నా కోసం అతన్ని నిచ్చెన మీద ఆపి ఉంచింది.

"దిగుతున్నాడు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. కాలు కింద ఆనినా ఇంకో మెట్టు ఉందనుకుని వెతుకుతున్నాడు."

ఎవరూ ఉష్ అనలేదు. తిరిగిన తలలు మళ్ళీ తెర వైపు తిరిగాయి. నేను చెబుతూ పోయాను. అతను రాత్రంతా కూర్చుని వాళ్ళమ్మ పేరు ఒక చెక్క మీద రాస్తాడు. ఊళ్ళో బోర్డులన్నీ వంకరగా రాసినవాడు ఆ ఒక్కటీ తిన్నగా రాస్తాడు. ఆ మాట చెప్పినప్పుడు ముందు వరసలో ఎవరో ముక్కు చీదారు.

దీపాలు వెలిగాక ఎడిటర్ గారు లేచి నిలబడి నన్ను పైనుంచి కింది దాకా చూశారు.

"అంటే ఇన్నాళ్ళూ ఈ పిల్లేనా? పెదవులతో నవ్వింది, భుజాలతో కాదు అన్నది..."

"దానిదే" అన్నారు పెదనాన్న. ఆయన గొంతులో సిగ్గుతో పాటు ఇంకేదో కూడా ఉంది, గర్వం లాంటిది.

"ఓరి నాయనో! అన్నగారూ, ఇది కదా అసలు సంగతి! చూపు లేని విమర్శకుడు, ఆయన చెవిలో సినిమా చెప్పే అమ్మాయి! ఇద్దరి పేర్లూ వేద్దాం. ప్రతివారం. ఫోటో కూడా!"

అప్పుడే పెద్దమ్మ కూరగాయల సంచీతో లోపలికి వచ్చింది. ఎడిటర్ గారు మొదటినుంచీ చెప్పారు. ఆమె సంచీ కింద పెట్టి నా బుగ్గలు నిమిరింది.

"చూశావటే, ఇల్లు కదలకుండా పేరు! ఇంక ఆ కాలేజీ గొడవెందుకు? రాతే నీ కాళ్ళ దగ్గరకొచ్చింది."

"కాలేజీ ఏముందమ్మా, ఎవరైనా వెళ్తారు" అన్నారు ఎడిటర్ గారు. "ఇలాంటిది పదేళ్ళు కూర్చుని చేస్తే..."

అందరూ నవ్వుతున్నారు. నా గురించి ఇంత మంచి మాటలు ఎవరూ ఎప్పుడూ అనలేదు. తొమ్మిదింటికి పడే తాళం చప్పుడు ఆ మాటల మధ్య నాకు స్పష్టంగా వినపడింది. ఈసారి తాళంకప్పకు పూలదండ వేశారు, అంతే తేడా. నేను ఎప్పటిలా తలవంచుకుంటే సరిపోయేది. కానీ గంటసేపు గట్టిగా మాట్లాడిన గొంతు ఇంకా మూతపడలేదు.

"పడవ పిల్ల ఇంట్లోకి వెళ్ళలేదు" అన్నాను.

నవ్వులు ఆగాయి. పెదనాన్న ముఖం నా వైపు తిరిగింది.

"ఏమన్నావే?"

"పడవ కట్టెయ్యలేదు పెదనాన్నా. నది మధ్యలో తాడు వదిలేసింది. పడవతో వెళ్ళిపోయింది. ఉత్తరాలు రాసినవాళ్ళు చెప్పిందే నిజం. నేను మీకు అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"నిజం చెబితే... నేనే వెళ్ళిపోతానని అడిగినట్టుంటుందని."

 వెనక గదిలో ఆపరేటరక్క రీలు వెనక్కి చుడుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

"సోమవారం ఆఖరి తేదీ" అన్నాను. అది చెప్పాక నిజంగా నోరు మూతపడింది.

ఇంటికి వెళ్తున్నంతసేపూ పెదనాన్న నా భుజం మీద చెయ్యి వేసే నడిచారు. పెద్దమ్మ మాత్రం రెండు వీధులూ సణిగింది. "నోట్లో నాలుక లేదనుకున్నాం. ఉంటే మూరెడుంది." ఆ రాత్రి డైరీ తెరిచి ఏమీ రాయలేకపోయాను.

శుక్రవారం తొమ్మిదింటికి తాళం పడింది. చెప్పుల చప్పుడు దిగిపోయింది. నేను పేపరు పట్టుకుని ఎదురుచూశాను. ఆయన జైలరమ్మ మాట ఎత్తలేదు.

"కలం తీసుకో" అన్నారు. "పైన 'సవరణ' అని రాయి. కింద ఇలా రాయి. కిందటి వారం ఈ పేజీలో పడవ నడిపే అమ్మాయి ఇంట్లోకి వెళ్ళిందని రాశాం. ఆమె వెళ్ళలేదు. తాడు వదిలేసింది. పొరపాటు..."

ఆగారు. నేను కలం ఎత్తి పట్టుకున్నాను.

"పొరపాటు ఎవరిదని రాయను?" అన్నాను.

"నాది. చూపు లేక కాదు, అలా ముగిస్తే బాగుంటుందని నాకే అనిపించింది కాబట్టి. అదంతా రాయకు. నాది అని రాయి చాలు."

రాశాను. ఆయన కుర్చీ చేతిని గోటితో గీకుతూ కూర్చున్నారు.

"తండ్రి గంట కొట్టాడా?"

"కొట్టాడు."

"ఎంతసేపు?"

"సినిమా అయిపోయేదాకా. చెయ్యి మారుస్తూ కొట్టాడు. ఆ పిల్ల వెనక్కి చూసింది, ఒక్కసారి."

"అది నాకు చెప్పలేదే నువ్వు."

"ఇప్పుడు చెప్పాను."

ఊఁ అన్నారు. వేళ్ళు ముందుకు చాచారు. "స్కేలు పెట్టు."

సవరణ మీద స్కేలు ఆనించాను. సంతకం చేశారు. కలం మూత పెట్టలేదు.

"సోమవారం ఇవ్వాల్సింది ఇంకోటుందిగా. అదీ పట్రా. ముందు చదివి వినిపించు. ఆస్తి రాయించుకుంటున్నావేమో, ఎవరికి తెలుసు."

డైరీ కింది నుంచి ఫారం తీశాను. పై నుంచి కింది దాకా చదివాను. నా పేరు, పుట్టిన తేదీ, చదివిన బడి, అన్నీ. చివరి గీత దగ్గర స్కేలు పెట్టాను. ఆయన అంచు తడిమారు. వేలు అక్కడే కాసేపు ఉంది.  చివరి అక్షరం స్కేలు దాటి కిందికి జారింది. అయినా సంతకం సంతకమే.

అప్పటికి పది గంటలైంది. తాళం నాలుగింటికి గాని తెరుచుకోదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. నేను ఫారం ఒళ్ళో పెట్టుకుని, సిరా ఆరిందో లేదో వేలితో ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాను.